నేల మీద గంటలు

బేగంపేట, హైదరాబాదు
8 జనవరి 1996

అల్లాబక్ష్ గారికి,

నేను దశరథరామయ్య గారి అబ్బాయి జగన్నాథాన్ని. పన్నెండేళ్ళుగా ఒక్క ముక్క రాయనివాడు ఇప్పుడెందుకు రాస్తున్నాడని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తారు. చూడండి. అయినా లోపలిది చదవండి.

నేను ఒక ప్రైవేటు కంపెనీలో విమానం నడుపుతున్నాను. ఢిల్లీ, బొంబాయి పోయే పెద్ద విమానం కాదు. నలభై ఎనిమిది సీట్ల చిన్నది, రెక్కలకు రెండు ఫ్యాన్లు తిరుగుతుంటాయి. హైదరాబాదు నుంచి విజయవాడ, విశాఖ, తిరుపతి. బస్సు లాగే ఎక్కించుకోవడం, దించడం, మళ్ళీ ఎక్కించుకోవడం.

మా కంపెనీ పద్ధతి ఒకటుంది. విమానం గాలిలో ఉన్న గంటలే డ్యూటీ. మంచు వల్లో, రిపేరు వల్లో విజయవాడలో నాలుగు గంటలు ఆగిపోతే, అది మేం విశ్రాంతి తీసుకున్నట్టు. తెల్లవారుజామున నాలుగున్నరకు యూనిఫాం వేసుకున్నవాడు సాయంత్రం ఏడింటికి విప్పినా, కాగితం మీద ఆరు గంటలే పని చేశాడు. మర్నాడు మళ్ళీ నాలుగున్నరకే రావాలి. డిసెంబరు నుంచి ఈ సంగతి నా మనసులోంచి పోవడం లేదు.

మేం ఇరవై ముగ్గురం కలిసి సంఘం పెట్టుకున్నాం. కార్యదర్శిగా ఎవరూ ముందుకు రాకపోతే నేను సరేనన్నాను. అన్న తరువాత తెలిసింది, నాకు ఈ పనిలో ఓనమాలు కూడా రావని. నేనెరిగిన వాళ్ళలో సంఘం నడిపినవారు మీరొక్కరే. మనుషుల్ని విడిపోకుండా ఉంచడం ఎట్లాగో రాయండి.

ఫాతిమాబీ వదినకు నా నమస్కారం చెప్పండి.

జగన్నాథం


మార్కాపురం, ప్రకాశం జిల్లా
21 జనవరి 1996

పైలట్ జగన్నాథం గారికి,

మీరు గారు అన్నారు కాబట్టి నేనూ అంటున్నాను. ఐదో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు గారు అంటే, ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

1984 గుర్తుందా? మీ నాయన పలకల ఫ్యాక్టరీ గేటు ముందు మేం నలభై ఒక్క రోజులు కూర్చున్నాం. రాయి కోసే మిషన్ల దగ్గర నీళ్ళు చల్లే ఏర్పాటు, దుమ్మును బయటికి లాగే ఫ్యాను. అడిగింది ఆ రెండే. నువ్వు అప్పుడే విమానం నేర్చుకుని వచ్చావు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు. గేటు దగ్గర స్కూటరు ఆపి, “ఏం తక్కువైంది రా మీకు? మా నాయన లేకుంటే మీకు పనిచ్చేదెవరు? ఇది కడుపు నిండిన సమ్మె” అన్నావు. ఆ పూట మాలో చాలామంది ఏమీ తినలేదు. నేను నీ ముఖం చూస్తూ నిలబడ్డాను. నువ్వు మాత్రం నా వైపు చూడకుండా స్కూటరు ఎక్కావు.

ఇప్పుడు నన్ను అడుగుతున్నావు. అడిగినవాడికి చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు కాబట్టి చెబుతున్నాను.

ఒకే ఒక్క కోరిక పెట్టండి. రెండోది చేర్చారంటే అవతలివాడు ఆ రెండోదాన్నే పట్టుకుంటాడు. జీతం మాట మాత్రం ఎత్తొద్దు. విమానం నడిపేవాడు జీతం చాలదంటే ఈ రాష్ట్రంలో ఒక్కడు కూడా నీ పక్కన నిలబడడు, నాతో సహా. మీ వల్ల ఇబ్బంది పడేవాళ్ళ దగ్గరికి ముందుగా మీరే పోయి చెప్పుకోండి. మేం ఆ పని చేయలేదు. పలకలకు చట్రాలు బిగించేవాళ్ళు, లారీవాళ్ళు మా మీదే తిరగబడ్డారు.

మనుషుల్ని విడిపోకుండా ఉంచడం అంటావా, అది నాకూ రాలేదు. నలభై రెండో రోజు పొద్దున ఒక్కొక్కరే తల వంచుకుని గేటు లోపలికి పోయారు. ఎవరికి ఏ భయం ఉందో నేను ముందే అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఉపన్యాసాలు ఇచ్చాను.

అల్లాబక్ష్


హైదరాబాదు
27 ఫిబ్రవరి 1996

అల్లాబక్షూ,

గేటు దగ్గర ఆ మాట అన్నాను. అన్నది బాగా గుర్తుంది. గుర్తు లేనట్టు నటిస్తూ మొదటి ఉత్తరం రాశాను. రెండూ తప్పే. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రావడం లేదు.

నీ సలహా సంఘంలో పెట్టాను. ఒక్కటే కోరిక, యూనిఫాం వేసుకున్న దగ్గర నుంచి విప్పేదాకా మొత్తం డ్యూటీయే, పన్నెండు గంటలు దాటితే విమానం ఎక్కం. అందరూ తలలూపారు. అంతలో వెనక నుంచి ఒకడు లేచి, పనిలో పనిగా అలవెన్సు కూడా పెంచమందాం అన్నాడు. పద్నాలుగు చేతులు లేచాయి. నేను ఓడిపోయాను. నువ్వు చెప్పినట్టే మేనేజరు నోటీసులో ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, విలేకర్లకు చూపించాడు.

నన్ను పిలిపించాడు. “కెప్టెన్, మీరు కార్మికులా? కార్మికులైతే ఆ టోపీ తీసి మాట్లాడండి” అన్నాడు. నేను టోపీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన నవ్వాడు. “పైలట్లు కావాలని రెండు వందల దరఖాస్తులు నా సొరుగులో ఉన్నాయి. ఆ టోపీ ఎవరి తలకైనా సరిపోతుంది” అన్నాడు.

ప్రయాణికులకు ముందే చెప్పమన్నావు గదా. తిరుపతిలో వేచి ఉండే హాల్లో నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను. మార్చి పదకొండు నుంచి కొన్ని విమానాలు ఆగిపోవచ్చు, మీ క్షేమం కోసమే అన్నాను. ఒక పెద్దమనిషి పేపరు మడిచి లేచాడు. “లక్షల జీతం తీసుకుంటారు, కూర్చుని నడుపుతారు. అలసిపోయామంటే మేం నమ్మాలా? మా క్షేమం పేరు చెప్పి మీ పబ్బం గడుపుకుంటారా?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

నేను ఆ చప్పట్లలోంచి నడుచుకుంటూ పోయి విమానం ఎక్కి, వాళ్ళనే ఎక్కించుకుని హైదరాబాదు తెచ్చాను.

జగన్నాథం


మార్కాపురం
19 మార్చి 1996

జగన్నాథానికి,

మీ సమ్మె సంగతి రోజూ పేపర్లో వస్తోంది. పెళ్ళివాళ్ళు విశాఖలో ఇరుక్కుపోయారని, కొండకు పోయే ముసలివాళ్ళు బేగంపేటలో నేల మీద పడుకున్నారని ఫోటోలు వేస్తున్నారు. మీరు ఎందుకు ఆపారన్నది నేను వెతికి వెతికి చూశాను. లోపలి పేజీలో రెండు వాక్యాలున్నాయి, అందులో ఒకటి అలవెన్సు గురించి.

బస్టాండు దగ్గర టీ అంగడిలో ఇప్పుడు వేరే మాటే లేదు. ఆర్టీసీ డ్రైవరు అంకన్న నీకు తెలియదు, గిద్దలూరు మనిషి. “నేను నంద్యాల ఘాటు మీద రోజూ పోయి వస్తా. బ్రేకు తొక్కి తొక్కి మోకాలు పీక్కపోతాది. నాకు లేని అలుపు వాళ్ళకేందయ్యా, చల్లగా ఏసీలో కూచోని?” అన్నాడు. అంగడి అంతా నవ్వింది.

నేను టీ తాగి వచ్చేశాను.

మీ నాయన బాగానే ఉన్నారు. సాయంత్రాలు అరుగు మీద కూర్చునేవారు, ఈ వారం కనబడలేదు.

అల్లాబక్ష్


హైదరాబాదు
30 మార్చి 1996

అల్లాబక్ష్ గారికి,

టీ తాగి వచ్చేశారా?

మా నాయన కవరు పంపారు. ఉత్తరం లేదు. జిల్లా పేపరు ముక్క ఒక్కటే ఉంది. “గాలిలో తిరిగేవాళ్ళది కడుపు నిండిన సమ్మె: పలకల కార్మిక నాయకుడు అల్లాబక్ష్.” మీ ఫోటో కూడా వేశారు, టీ గ్లాసుతో.

ఆ ముక్క మా కంపెనీకి నా కంటే ముందే చేరింది. పెద్దది చేయించి, పైలట్లు కూర్చునే గది తలుపుకు అతికించారు. “చూడండి, కార్మికులే మీరు కార్మికులు కాదంటున్నారు” అన్నాడు మేనేజరు. ఆ రోజే ఎనిమిది మంది హామీ కాగితం మీద సంతకం పెట్టి పనిలోకి పోయారు. నేను అడిగిన మనిషే నా సంఘాన్ని విరిచాడు.

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. చదివి ఆ టీ అంగడిలో మళ్ళీ నవ్వుకోండి.

డిసెంబరు 14. నాలుగున్నరకు మొదలైన డ్యూటీ. అంతకు ముందు నాలుగు రోజులూ అంతే. విజయవాడలో మంచు, విశాఖలో టైరు మార్పు. మధ్యాహ్నం మూడు దాటాక హైదరాబాదు నుంచి తిరుపతికి లేచాం. నా పక్కన కో-పైలట్ కామేశ్వరి. ఇరవై ఏడేళ్ళ అమ్మాయి, మా అందరిలోకీ జాగ్రత్త గల మనిషి. మేం పెట్టిన దారిలో విమానం తనంతట తాను పోతోంది. నల్లమల మీద ఎండ అద్దంలోంచి ఒళ్ళోకి పడుతోంది. ఎడమ పక్కన కంభం చెరువు కనిపిస్తే చూపించాను. చిన్నప్పుడు మనిద్దరం దొనకొండకు రైల్లో పోయి, యుద్ధకాలం నాటి ఖాళీ రన్‌వే మీద చేతులు చాపి పరుగెత్తిన సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

ఆ మాట పూర్తి చేశానో లేదో తెలియదు. కళ్ళు తెరిచేసరికి కింద పెన్నా ఇసుక. చెవుల్లో మద్రాసు కంట్రోలు వాళ్ళు మా నంబరు పిలుస్తున్నారు. ఎన్నోసారి పిలవడమో తెలియదు. పక్కకు చూస్తే కామేశ్వరి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. పదహారు నిమిషాలు, అల్లాబక్ష్. వెనక నలభై మంది. ఆ పదహారు నిమిషాలు విమానం నడిపిన మనిషి లేడు.

రేడియో మొరాయించిందని కంట్రోలుకు అబద్ధం చెప్పాను. నమ్మారు. తిరుపతిలో దిగేటప్పుడు ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకుని, “చల్లగా తెచ్చినావు నాయనా, కుదుపే లేదు” అన్నాడు.

కడుపు నిండినవాడి నిద్ర ఇది.

జగన్నాథం


మార్కాపురం
6 ఏప్రిల్ 1996

జగన్నాథం,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి ఫాతిమాకు చదివి వినిపించాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, “ఆ ముసలాయనకు ఇప్పటికీ తెల్వదు గదా” అన్నది. మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

విలేకరి వచ్చి అడిగాడు, నేను చెప్పాను. నోరు జారి కాదు. నువ్వన్న ఆ మాటను పన్నెండేళ్ళు దాచుకున్నాను. దాన్ని నీ మీదికే విసిరేటప్పుడు ఎంత బాగుండిందో రాయడానికి సిగ్గుగా ఉంది. అంగడిలో అందరూ నా వీపు తట్టారు. ఆ తరువాత నీకు ఉత్తరం రాస్తూ, టీ తాగి వచ్చేశానని రాశాను. నీ సంఘం విరగడంలో నా చెయ్యి ఉంది. తప్పించుకోను.

మీ నాయన దగ్గరికి పోయాను. ఆ గడప తొక్కి పన్నెండేళ్ళయింది. ఆయన నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. “పేపర్లో నీ మాట చూసినా. నా కొడుకు ఆ పొద్దు నిన్ను అన్న మాటే గదా అది” అన్నారు. అంటే నువ్వు గేటు దగ్గర అన్నది ఆయన కూడా విన్నారు. “వాడు మొండోడు. వానికి ఏం జరిగిందో నాకు చెప్పడంలే. నీకు చెప్పినాడా?” అని అడిగారు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు నేను చెప్పేది విను. 84లో సమ్మె ఇరవయ్యో రోజున సర్కారు డాక్టరు వచ్చాడు. మమ్మల్ని వరుసగా నిలబెట్టి, దగ్గు ఉందా, ఆయాసం ఉందా అని అడిగాడు. రంగనాయకులుకు అప్పటికే దగ్గితే నెత్తురు పడేది. “ఏంలే సారూ, బాగుండా” అన్నాడు. జబ్బు మనిషని తెలిస్తే పని పోతుందని భయం. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. అందరూ ఊపిరి బిగబట్టి దగ్గు ఆపుకున్నాం. డాక్టరు అందరూ ఆరోగ్యంగా ఉన్నారని రాసుకుని పోయాడు. మమ్మల్ని మీ నాయన ఓడించలేదు. ఆ పది నిమిషాలు ఓడించాయి. రంగనాయకులు రెండేళ్ళకు పోయాడు.

నువ్వు చెప్పు. పేపర్ల వాళ్ళను పిలిచి ఆ పదహారు నిమిషాలు చెప్పు. అలవెన్సు గురించి ఆ తరువాత ఎవడూ మాట్లాడడు.

అల్లాబక్ష్


హైదరాబాదు
12 మే 1996

అల్లాబక్షూ,

చెప్పాను. సంతోషమా?

ఏప్రిల్ 22న విలేకర్లను పిలిచాను. నేను నిద్రపోయానని చెప్పాను. కామేశ్వరి మెలకువగానే ఉందని, ఆమే నన్ను లేపిందని చెప్పాను. ఆమెను అడగకుండానే చెప్పాను. మగవాడు, ఆడది ఇద్దరూ నిద్రపోయారంటే ఏం రాస్తారో, ఏ నవ్వులు నవ్వుతారో నీకు తెలియంది కాదు.

మర్నాడు పొద్దున పేపర్లు చూశావు గదా. ‘గాలిలో నలభై ప్రాణాలు, గురకలో కెప్టెన్’. నేను గురక పెట్టానని వాళ్ళకెవరు చెప్పారు? గంట సేపు డ్యూటీ పద్ధతి గురించి చెప్పాను, బల్ల మీద గీసి చూపించాను. ఒక్కడు రాయలేదు. ఎందుకు నిద్రపోయావని అడిగిన విలేకరి ఒక్కడూ లేడు. ఎంతసేపు పడుకున్నావు, కల వచ్చిందా అని అడిగారు.

సాయంత్రానికల్లా నన్ను సస్పెండ్ చేశారు. ప్రభుత్వం విచారణ వేసింది. మిగిలినవాళ్ళు భయపడి సంతకాలు పెట్టారు. సంఘం లేదు. కంపెనీ కామేశ్వరికి ఆఫీసులో దండ వేసి, ‘నలభై మందిని కాపాడిన ధీరవనిత’ అని ఫోటో తీయించింది. మా పైలట్లలో క్రమశిక్షణ లోపం ఒక్కడిదేనని ఆ ఫోటో కింద వాళ్ళ ప్రకటన. ఆమెను అడ్డం పెట్టి నన్ను కొట్టారు. ఆ కర్ర వాళ్ళ చేతికి ఇచ్చింది నేనే.

కూరగాయల బజారులో ఒకడు, “నిద్ర సరిపోయిందా సార్” అన్నాడు. నేను సంచి అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

మీ పలకల ఫ్యాక్టరీ నీతి మాకు పనికి రాదు. మీరు దగ్గు దాచి ఓడారు, నేను నిద్ర చెప్పి ఓడాను. ఇంక నాకు సలహాలు రాయొద్దు.

జగన్నాథం


మార్కాపురం
20 మే 1996

జగ్గా,

రాయొద్దన్నావు. అయినా రాస్తున్నాను. చించిపారేసినా సరే, ముందు చదువు.

నేను చెప్పమన్నది నీ వల్ల కాలేదు. నువ్వు సగమే చెప్పావు. ఒక్కడు నిద్రపోయాడంటే ఎవరైనా వాడి ఒళ్ళు కొవ్వనే అంటారు. నేనైనా అంటాను. ఇద్దరూ పడిపోయారంటే కదా, ఏం పని చేయించారు వీళ్ళతో అని అడుగుతారు? ఆ అమ్మాయిని కాపాడానని అనుకుంటున్నావు. ఆ దండ మెడలో ఎట్లా ఉందని ఆమెను ఒక్కసారైనా అడిగావా?

ఇంకో సంగతి. మొన్న టీ అంగడిలో నీ పేరు ఎత్తి నవ్వుతున్నారు. అంకన్న మాత్రం నవ్వలేదు. తాగని గ్లాసు కింద పెట్టి లేచాడు. తరువాత నాతో పాటు నడుస్తూ వచ్చి, ఎవరూ లేని చోట ఆగాడు. “బక్షన్నా, నాలుగేండ్ల కింద ఘాటులో పచ్చర్ల దాటినాక నాకూ రెప్ప పడింది. డబల్ డ్యూటీ అది. టైరు మట్టిలోకి దిగిన సప్పుడుకు మెలకువ వచ్చినాది. లోయ అంచు జానెడు దూరంలో ఉండాది. బస్సులో యాభై మంది. జింక అడ్డం వచ్చిందని చెప్పినా. నా పెండ్లానికి కూడా చెప్పలేదు ఇది” అన్నాడు.

నువ్వు చెప్పకపోతే అంకన్న చెప్పేవాడు కాదు. ఒక్కడే. అయినా ఒక్కడు.

నీ అల్లాబక్ష్


హైదరాబాదు
3 ఆగస్టు 1996

బక్షూ,

నీ ఉత్తరం చించలేదు. కోపం తగ్గడానికి రెండు నెలలు పట్టింది, విచారణ కూడా అప్పటికే దగ్గర పడింది.

జూన్‌లో కామేశ్వరి ఇంటికి పోయాను. వాళ్ళది తెనాలి. ఇక్కడ చిక్కడపల్లిలో తల్లితో అద్దెకు ఉంటోంది. తలుపు సగమే తెరిచింది. “నన్ను అడగకుండా నన్ను మంచిదాన్ని చేశారు. అందుకు మీ మీద నాకెంత కోపం ఉందో మీకు తెలీదు” అంది. లోపల గోడకు ఆ ఫోటో వేలాడుతోంది. వాళ్ళమ్మ ఫ్రేము కట్టించిందట. నేను క్షమించమన్నాను. తలుపు వేసుకుంది.

జూలై 29న విచారణ. నేను మళ్ళీ అదే చెప్పాను, నిద్రపోయింది నేనొక్కడినేనని. తరువాత ఆమెను పిలిచారు. కంపెనీ వకీలు లేచి, ఆమె ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పబోయాడు.

“కూర్చోండి సార్” అంది. “నేనూ నిద్రపోయాను. ఆయన లేపితే లేచాను.”

విచారణాధికారి కలం ఆపాడు. “మీరు ఇట్లా చెబితే మీ లైసెన్సు పోవచ్చు. తెలుసా?”

“తెలుసు.”

“కెప్టెన్ మిమ్మల్ని ఒత్తిడి చేశారా?”

“ఆయనతో నేను మాట్లాడడం లేదు సార్” అంది. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. “ఆయన ఒక్కరే నిద్రపోతే ఆయన్ని తిట్టండి. నేను రాత్రి సినిమాలకు పోయేదాన్ని కాదు, ఇంటికెళ్ళి అన్నం కూడా తినకుండా పడుకునేదాన్ని. అయినా నిద్రపోయాను. మా ఇద్దర్నీ ఐదు రోజుల పాటు ఎన్నింటికి రమ్మన్నారో, ఎన్నింటికి పంపారో గేటు రిజిస్టరు తెప్పించి చూడండి. అది చూశాక నా లైసెన్సు తీసుకోండి.”

రిజిస్టరు తెప్పించారు. డిసెంబరు 10 నుంచి 14 దాకా. అధికారి ఒక్కో గీత మీద వేలు పెట్టి చూస్తూ పోయాడు, పద్నాలుగో తేదీ దగ్గర వేలు ఆగిపోయింది. గది బయట మా పైలట్లు నలుగురు వచ్చి నిలబడ్డారు. సంతకం పెట్టినవాళ్ళే. తమ డైరీలు తెచ్చారు. నేను పిలవలేదు.

మెట్ల మీద కామేశ్వరి నా ముందు నుంచే పోయింది. ఆగి, “అమ్మ ఫోటో తీసేసింది” అంది. ఏడుస్తోందో లేదో చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

జగ్గడు


గిద్దలూరు
26 ఆగస్టు 1996

ఒరే జగ్గా,

ఇక్కడ డిపో డ్రైవర్ల మీటింగుకు అంకన్న నన్ను రమ్మన్నాడు. కామేశ్వరమ్మ విచారణలో అన్న మాటలు నీ ఉత్తరంలోంచి చదివి వినిపించాను. నీకు చెప్పకుండా చదివాను, తిట్టుకో. కొందరు, వాళ్ళ గొడవ మనకేంది అన్నారు. ఒకాయన, ఆడపిల్లకున్న నిజాయితీ మనకు లేకపాయె అన్నాడు. అంకన్న లేచి తన సంగతి అందరి ముందూ చెప్పాడు. అధికారులకు తెలిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు.

మార్కాపురంలో మా దగ్గర పోయిన వారం మళ్ళీ డాక్టర్ల క్యాంపు పెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కడి చెవిలో చెప్పాను, దగ్గు ఆపుకోవద్దు అని. ఈసారి పదకొండు మంది ఉన్నది ఉన్నట్టు చెప్పారు. రిపోర్టు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందంటే గుమాస్తా ఆకాశం వైపు చూస్తున్నాడు. చెప్పినవాళ్ళలో ఇద్దరిని ఫ్యాక్టరీవాళ్ళు అప్పుడే పనికి రావద్దన్నారు. రేపు గేటు ముందు కూర్చుంటున్నాం. మీ నాయన ఫ్యాక్టరీ కాదు, వేరేది. ఆయన తన షెడ్డులో దుమ్ము ఫ్యాను పెట్టించారు, జూలైలోనే. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

బక్షు


హైదరాబాదు
24 నవంబరు 1996

బక్షూ,

ఈ నెల మొదట్లో నివేదిక వచ్చింది. తప్పు మా ఇద్దరిదీ అన్నారు. అబద్ధం చెప్పినందుకు నాకు ఏడాది పాటు లైసెన్సు లేదు, కామేశ్వరికి మూడు నెలలు, ఆమెది విచారణ రోజు నుంచే లెక్క. దాని కింద ఇంకో పేరా ఉంది. నేల మీద వేచి ఉన్న గంటలు కూడా డ్యూటీ గంటలేనని, అట్లా లెక్కించకపోవడమే ఇందుకు మూలమని.

కంపెనీ వెంటనే కాగితం అతికించింది. ‘ప్రయాణికుల భద్రత దృష్ట్యా యాజమాన్యం స్వచ్ఛందంగా’ పన్నెండు గంటల పద్ధతి పెడుతోందట. సంఘం మాట లేదు, మా పేర్లు లేవు. అదే రోజు నన్ను పనిలోంచి తీసేశారు. పేపర్లు యాజమాన్యాన్ని మెచ్చుకున్నాయి. చదివి, పేపరు గోడకేసి కొట్టాను. ఇప్పుడు ఫ్లయింగ్ క్లబ్బులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను, నేల మీదే.

కామేశ్వరి ఈ నెలలో తిరిగి పనిలోకి పోయింది. నిన్న ఫోను చేసింది. నాలుగు నెలల తరువాత నాతో మాట్లాడింది.

మొన్న వాన వల్ల విజయవాడలో ఐదు గంటలు ఆగిపోయారట. విశాఖ పోవాలి. ఆమె గడియారం చూసుకుని, పన్నెండు గంటలు అయిపోతున్నాయి, నేను నడపను అని హైదరాబాదుకు చెప్పింది. అవతల ఎవరూ వాదించలేదు. వేరే వాళ్ళను పంపుతామన్నారు. వాళ్ళు వచ్చేదాకా రెండున్నర గంటలు. ప్రయాణికులు ఆమెను చుట్టుముట్టారు. “మహారాణికి నిద్ర వచ్చిందంట” అన్నాడొకడు. ఇంకొకాయన ఆమె పేరు రాసుకుని, ఉద్యోగం తీయిస్తానన్నాడు. ఆమె లోపలికి పోయి దాక్కోలేదు. అందరూ విమానం ఎక్కేదాకా అక్కడే నిలబడి తిట్లు తిన్నది.

తరువాత హోటలుకు పోయి తొమ్మిది గంటలు నిద్రపోయిందట. “ఒక్కసారి కూడా ఉలిక్కిపడి లేవలేదండీ” అంది.

ఆ నలభై ఇద్దరు ప్రయాణికులూ రాత్రికి విశాఖలో క్షేమంగా దిగి, ఇంకా తిట్టుకుంటూనే ఇళ్ళకు పోయారు. ఏ పేపర్లోనూ రాలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

జగ్గడు